ప్రోటీన్‌ను కణపొరకు కట్టాలంటే ఏ కొవ్వు లంగరు ఎంచుకోవాలి?

చదువుకునే రోజుల్లో రాస్ అనే ప్రోటీన్‌కి పచ్చగా మెరిసే జీఎఫ్‌పీని అతికించి, అది కణంలో ఎక్కడుంటుందో చూద్దామనుకున్నాను. క్లోనింగ్ సులువుగా అయిపోతుందని జీఎఫ్‌పీని రాస్ చివరన పెట్టాను. కణం అంచున సన్నని పచ్చ గీత కనిపిస్తుందని మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే, న్యూక్లియస్‌తో సహా కణమంతా ఒకే పచ్చ. డీఎన్‌ఏ సీక్వెన్స్ మళ్లీ మళ్లీ చదివించాను. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. పొరపాటు వేరే చోట ఉంది. రాస్ పొరకు అతుక్కోవడం దాని చివరి నాలుగు అమైనో ఆమ్లాలతో మొదలవుతుంది. ఆ నాలుగూ నిజంగా చివర్లోనే ఉంటే తప్ప ఎంజైమ్ వాటిని పట్టుకోలేదు. నేను వాటి వెనక 238 అమైనో ఆమ్లాల జీఎఫ్‌పీని తగిలించి ఆ చివరను మూసేశాను.

ఆ తర్వాత ఇలాంటి పొరపాట్లు చాలామంది దగ్గర చూశాను. అందరూ ముందు లంగరు (ప్రోటీన్‌ను పొరకు కట్టే కొవ్వు ముక్క) పేరు ఎంచుకుంటారు, అది కణంలో ఎలా తయారవుతుందో తర్వాత చదువుతారు. నా ఉద్దేశంలో ఈ వరుస తిరగేయాలి. కణం ఆ లంగరును ఎక్కడ, ఏ ఎంజైమ్‌తో, ఎప్పుడు తగిలిస్తుందో తెలిస్తే ఎంపిక సగం దానంతటదే తేలిపోతుంది. కాబట్టి ఇక్కడ మిరిస్టేట్, పాల్మిటేట్, ప్రెనిల్, జీపీఐ అనే నాలుగు రకాల లంగర్లలో ఒక్కోదాన్నీ దాని తయారీ వైపు నుంచి చూద్దాం. ప్రోటీన్‌ను పొరకు కట్టే ప్రయోగం మొదలుపెట్టబోయే వాళ్ల కోసం, లేదా పరీక్షకు చదువుతూ మిరిస్టేట్‌కీ పాల్మిటేట్‌కీ తేడా కలగాపులగం అవుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఏ వైపో తేల్చుకోండి

కణపొర రెండు వరుసల లిపిడ్లతో అల్లినది. లోపలి వరుస సైటోప్లాజం వైపు, బయటి వరుస కణం వెలుపలి వైపు. ప్రోటీన్ ఏ వరుసకు కట్టుకుని ఉండాలన్నదే మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే జాబితాలో సగం పోతుంది.

మిరిస్టేట్‌ను తగిలించే ఎంజైమ్ రైబోజోమ్ పక్కనే, సైటోప్లాజంలో పనిచేస్తుంది. ఫార్నెసిల్, జెరానిల్‌జెరానిల్ (ఈ రెంటినీ కలిపి ప్రెనిల్ అంటారు) తగిలించే ఎంజైములు కూడా సైటోప్లాజంలోనే ఉంటాయి. పాల్మిటేట్ తగిలించేవి పొరలోనే ఇమిడి ఉన్నా, పనిచేసే భాగం మాత్రం సైటోప్లాజం వైపే తిరిగి ఉంటుంది. అందుకే ఈ మూడు రకాలతో కట్టిన ప్రోటీన్ పొర లోపలి ముఖానికే వేలాడుతుంది. చక్కెరలూ కొవ్వూ కలిసిన జీపీఐ లంగరు వీటిలో చేరదు. అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే ఈఆర్, లోపలి గదిలో ప్రోటీన్‌కి తగులుతుంది. ఈఆర్ లోపలి గదిలో ఉన్నది గాల్జీ మీదుగా వెసికిళ్లలో ప్రయాణించి కణపొరలో కలిసేసరికి వెలుపలి ముఖం మీద తేలుతుంది.

మీ ప్రోటీన్ సైటోప్లాజంలో పనిచేసే కైనేజ్ అయితే జీపీఐ గురించి ఆలోచించనక్కర్లేదు. కణం బయట రిసెప్టర్‌లా నిలబడాల్సినది అయితే మిరిస్టేట్, ప్రెనిల్ రెండూ పనికిరావు.

మిరిస్టేట్: తేలికే, కానీ ఒంటరిగా నిలవదు

14 కార్బన్ల కొవ్వు ఆమ్లం ఇది. ప్రోటీన్ రైబోజోమ్ నుంచి ఇంకా బయటికి వస్తుండగానే మొదటి మెథియోనిన్‌ను ఒక ఎంజైమ్ కత్తిరిస్తుంది, రెండో స్థానంలోని గ్లైసిన్ మొదటిదవుతుంది. వెంటనే ఎన్‌ఎంటీ అనే ఎంజైమ్ మిరిస్టాయిల్ కోఎంజైమ్-ఏ నుంచి మిరిస్టేట్‌ను తీసి ఆ గ్లైసిన్ మీద అమైడ్ బంధంతో పెడుతుంది. మనుషుల్లో ఈ ఎంజైములు రెండు. గ్లైసిన్ తప్ప మరో అమైనో ఆమ్లం అక్కడ ఉంటే పని జరగదు. మెథియోనిన్ నుంచి లెక్కపెడితే ఆరో స్థానంలో సెరిన్ గానీ థ్రియోనిన్ గానీ ఉంటే ఎంజైమ్‌కి ఇష్టం. ఈ మార్పును 1982లో రెండు ప్రోటీన్లలో మొదటిసారి గుర్తించారు: ప్రోటీన్ కైనేజ్-ఏ పనిచేసే భాగంలో, కాల్సిన్యూరిన్-బీలో.

సౌకర్యం ఏమిటంటే ప్రోటీన్ మొదట్లో పది పన్నెండు అమైనో ఆమ్లాలు చేరిస్తే చాలు, లంగరు పడుతుంది. అమైడ్ బంధం గట్టిది కాబట్టి మామూలుగా ప్రోటీన్ బతికినంత కాలం ఊడదు. ఇంతవరకూ చదివి చాలామంది మిరిస్టేట్‌తో ప్రోటీన్ పొరకు శాశ్వతంగా అతుక్కుపోతుందనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు.

బంధం ప్రోటీన్‌కీ కొవ్వుకీ మధ్య గట్టిది. కొవ్వుకీ పొరకీ మధ్య పట్టు మాత్రం అంత లేదు. మిరిస్టేట్ ఒక్కటే పొరలోకి దిగితే దొరికే శక్తి మోల్‌కి సుమారు 8 కిలోకేలరీలు. ఒక పెద్ద ప్రోటీన్‌ను పొర మీద నిలకడగా ఉంచడానికి ఇది సరిపోదు. అతుక్కుంటుంది, ఊడుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. అందుకే ప్రోటీన్ పొర మీద నిలవాల్సినప్పుడు కణం సాధారణంగా దీనికి రెండో పట్టు ఒకటి జతచేస్తుంది. ఆ రెండో పట్టు ఎలా ఉంటుందో ఒకే కుటుంబంలోని మూడు ప్రోటీన్లలో చూడొచ్చు.

సార్క్ ప్రోటీన్ మెథియోనిన్, గ్లైసిన్, సెరిన్‌తో మొదలవుతుంది. లిన్, ఫిన్ ప్రోటీన్లలో మూడో అక్షరం సెరిన్ కాదు, సిస్టీన్. తేడా ఒక్క అక్షరమే. సిస్టీన్ ఉంది కాబట్టి లిన్‌కి మిరిస్టేట్ పక్కనే పాల్మిటేట్ కూడా పడుతుంది. ఫిన్‌కైతే ఆరో స్థానంలో ఇంకో సిస్టీన్ ఉంది, అక్కడా పాల్మిటేట్ పడుతుంది. సార్క్‌కి ఆ అవకాశం లేదు. దాని బదులు మొదటి పదహారు అమైనో ఆమ్లాల్లో మూడు లైసిన్లు, మూడు ఆర్జినిన్లు ఉన్నాయి. పొర లోపలి ముఖం మీద ఫాస్ఫాటిడిల్‌సెరిన్ లాంటి రుణావేశపు లిపిడ్లు ఎక్కువ. ఆ ఆరు ధనావేశాలూ వాటికి అంటుకుంటాయి. హెచ్‌ఐవీ గ్యాగ్ ప్రోటీన్ కూడా కణపొరను చేరడానికి మిరిస్టేట్, ధనావేశాలు రెండూ కలిపే వాడుకుంటుంది.

ఈ బలహీనతను కణం స్విచ్‌గా కూడా వాడుకుంటుంది. కంటి రెటీనాలోని రికవరిన్ అనే ప్రోటీన్ కాల్షియం లేనప్పుడు తన మిరిస్టేట్‌ను తన మడతల్లోనే దాచుకుంటుంది. కాల్షియం అంటుకోగానే ఆకారం మారి మిరిస్టేట్ బయటికి వస్తుంది, ప్రోటీన్ పొరకు చేరుతుంది. మీకు కావలసింది సంకేతాన్ని బట్టి పొరకు వచ్చి పోయే ప్రోటీన్ అయితే మిరిస్టేట్ బలహీనత మీకు వరం. కదలకుండా నిలబడాలంటే మాత్రం ఒంటరి మిరిస్టేట్‌ను ఎంచుకోవద్దు. లిన్ మొదటి ముక్కను, అంటే మిరిస్టేట్, పాల్మిటేట్ రెండూ పడే ముక్కను, తీసుకోండి. పొర లోపలి ముఖానికి సెన్సర్‌నో ఎంజైమ్‌నో కట్టాల్సినప్పుడు నేను మొదట ప్రయత్నించేది ఇదే.

పాల్మిటేట్: పెట్టొచ్చు, తీయొచ్చు

16 కార్బన్ల కొవ్వు, సిస్టీన్ మీద థయోఎస్టర్ బంధంతో కూర్చుంటుంది. మిగతా లంగర్లకు లేని గుణం దీనికి ఒకటుంది: కణం దీన్ని తీసేసి మళ్లీ పెట్టగలదు. పెట్టే ఎంజైములు మనుషుల్లో 23. వాటిలో దాదాపు అన్నిటికీ డీహెచ్‌హెచ్‌సీ అనే నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు ఉంటుంది కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. ఇవి 2002లో ఈస్ట్‌లో బయటపడ్డాయి. తీసే ఎంజైములు ఏపీటీ1, ఏపీటీ2, ఏబీహెచ్‌డీ17 కుటుంబం.

రాస్ ప్రోటీన్లే దీనికి చక్కటి ఉదాహరణ. హెచ్-రాస్‌కి 181, 184 స్థానాల్లో రెండు పాల్మిటేట్లు పడతాయి. ఎన్-రాస్‌కి ఒకటే. గాల్జీ దగ్గర పాల్మిటేట్ పడగానే ప్రోటీన్ వెసికిల్ ఎక్కి కణపొరకు చేరుతుంది. అక్కడ కొంతసేపటికి పాల్మిటేట్ ఊడుతుంది. ప్రోటీన్ పొర వదిలి సైటోప్లాజంలో తిరిగి, మళ్లీ గాల్జీ దగ్గర చిక్కుతుంది. ఈ చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఒక పాల్మిటేట్ ఉన్న ఎన్-రాస్ గాల్జీ మీద ఎక్కువగా, రెండున్న హెచ్-రాస్ కణపొర మీద ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

డిజైన్ చేసేవాళ్లకు దీంతో రెండు చిక్కులు. ఒకటి, మిరిస్టేట్‌కీ ప్రెనిల్‌కీ ఉన్నట్టు పాల్మిటేట్‌కి నమ్మదగిన గుర్తు సీక్వెన్స్ లేదు. పొర దగ్గరగా సిస్టీన్ ఉంటే పడొచ్చు, పడకపోనూ వచ్చు. అందుకని సొంతంగా కొత్త సీక్వెన్స్ కనిపెట్టే పని పెట్టుకోకుండా, ఇప్పటికే పనిచేస్తుందని తెలిసిన ముక్కను తెచ్చుకోండి. లిన్, ఫిన్, గ్యాప్-43 మొదటి భాగాలు అందరూ వాడేవే. రెండోది, ప్రోటీన్‌ను పొర దగ్గరికి చేర్చే మొదటి పట్టు లేకపోతే పాల్మిటేట్ పెట్టే ఎంజైమ్‌కి అది అందదు. మిరిస్టేట్, ఫార్నెసిల్, లేదా పొరను దాటే హెలిక్స్ లాంటిది ఏదో ఒకటి సాధారణంగా ముందు ఉంటుంది. పాల్మిటేట్ ఆ తర్వాత వచ్చి ప్రోటీన్‌ను అక్కడ నిలబెడుతుంది.

ప్రయోగశాలలో ఇంకో జాగ్రత్త. థయోఎస్టర్ బంధం డీటీటీ లాంటి రిడ్యూసింగ్ ఏజెంట్లకు తట్టుకోలేదు. ప్రోటీన్‌ను ఎక్కువ డీటీటీతో మరిగించి జెల్ మీద ఎక్కిస్తే లంగరు అక్కడే రాలిపోతుంది. రేడియోధార్మిక పాల్మిటేట్‌తో గానీ, ఆల్కైన్ తోక ఉన్న కొవ్వు ఆమ్లంతో గానీ లేబుల్ చేసి, చివరకు ఖాళీ బ్లాట్ చూసి ఈ ప్రోటీన్‌కి పాల్మిటేట్ లేదనే నిర్ణయానికి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నెలల పని ఒక్క బఫర్ వల్ల పోతుంది.

ప్రెనిల్: నాలుగు అక్షరాల తోక

ఫార్నెసిల్ 15 కార్బన్లు, జెరానిల్‌జెరానిల్ 20. రెండూ కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే పుడతాయి. అసిటైల్ కోఎంజైమ్-ఏ నుంచి మెవలోనేట్, అక్కడి నుంచి అయిదు కార్బన్ల ఐసోప్రెన్ ముక్కలు, మూడు ముక్కలు కలిస్తే ఫార్నెసిల్, నాలుగు కలిస్తే జెరానిల్‌జెరానిల్. స్టాటిన్ మందులు మెవలోనేట్ దగ్గరే దారిని అడ్డుకుంటాయి కాబట్టి, కణాలకు ఎక్కువ మోతాదులో స్టాటిన్ ఇస్తే కొలెస్ట్రాల్‌తో పాటు ఈ లంగర్లు కూడా తగ్గుతాయి. మీ ప్రయోగంలో స్టాటిన్ ఉంటే ఈ సంగతి మర్చిపోకండి.

గుర్తు చాలా స్పష్టం. చివరి నుంచి నాలుగోది సిస్టీన్, తర్వాత రెండు కొవ్వు స్వభావం ఉన్న అమైనో ఆమ్లాలు, చివర ఏదో ఒకటి. దీన్నే సీఏఏఎక్స్ పెట్టె అంటారు. ఆ చివరి అక్షరమే ఏ లంగరు పడాలో నిర్ణయిస్తుంది. సెరిన్, మెథియోనిన్, గ్లుటమిన్, అలనిన్ అయితే ఫార్నెసిల్. ల్యూసిన్ అయితే జెరానిల్‌జెరానిల్. లంగరు థయోఈథర్ బంధంతో పడ్డాక, ఈఆర్ పొర మీది ఆర్‌సీఈ1 అనే ఎంజైమ్ చివరి మూడు అక్షరాలను కత్తిరిస్తుంది. తర్వాత ఐసీఎంటీ కొత్త చివరను మిథైల్ చేస్తుంది. థయోఈథర్ బంధం డీటీటీకి గానీ, థయోఎస్టర్‌ను కోసే హైడ్రాక్సిలమీన్ అనే రసాయనానికి గానీ లొంగదు.

ఫార్నెసిల్ ఒక్కటే ఉంటే ప్రోటీన్ ఈఆర్, గాల్జీ పొరల మీద తిరుగుతుంది గానీ కణపొర మీద స్థిరపడదు. ఇక్కడా రెండో పట్టు కావాల్సిందే. హెచ్-రాస్ పాల్మిటేట్ తెచ్చుకుంది. కే-రాస్4బీ అయితే తన తోకలో వరసగా ఆరు లైసిన్లు పెట్టుకుంది. లోపలి ముఖపు రుణావేశాన్ని పట్టుకోవడానికి అవి చాలు. ప్రోటీన్ మొదటి చివరను కదిలించలేని పరిస్థితుల్లో, ఉదాహరణకు దాని పనిచేసే భాగం మొదట్లోనే ఉన్నప్పుడు, కే-రాస్ తోక మంచి ఎంపిక. జీఎఫ్‌పీ లాంటి ట్యాగ్ మాత్రం ముందు పెట్టాలి, వెనక కాదు. నేను చేసిన పొరపాటు అదే.

ప్రెనిల్ విషయంలో ఒక పాఠం మందుల చరిత్రలో ఉంది. రాస్ క్యాన్సర్లను ఆపడానికి ఫార్నెసిల్ ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు తయారుచేశారు. ఎంజైమ్ ఆగింది, కే-రాస్ మాత్రం ఆగలేదు. ఫార్నెసిల్ దొరకనప్పుడు కే-రాస్‌కీ ఎన్-రాస్‌కీ రెండో ఎంజైమ్ జెరానిల్‌జెరానిల్ తగిలించేస్తుంది. హెచ్-రాస్‌కి ఆ పక్కదారి లేదు. కాబట్టి మీ నియంత్రణ ప్రయోగం ఫార్నెసిల్ నిరోధకం మీద ఆధారపడితే, మీ తోక కే-రాస్‌దా హెచ్-రాస్‌దా అన్నది ఫలితాన్ని తలకిందులు చేయగలదు. అదే రకం మందు మరో చోట నిజంగా పనికొచ్చింది. ప్రొజీరియా అనే జబ్బులో పిల్లలు చిన్న వయసులోనే వృద్ధుల్లా అయిపోతారు. లామిన్-ఏ జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్‌లో 50 అమైనో ఆమ్లాలు పోతాయి. ఫార్నెసిల్ తోకను చివరికి కత్తిరించాల్సిన చోటు ఆ 50లోనే ఉంది. కత్తిరింపు జరగక లంగరు అలాగే ఉండిపోయి, ప్రోటీన్ న్యూక్లియస్ పొరకు అంటుకుపోతుంది. ఫార్నెసిల్ ఎంజైమ్‌ను ఆపే లోనాఫార్నిబ్‌కి 2020 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. లంగరు పడడం ఎంత ముఖ్యమో, కొన్ని ప్రోటీన్లకు సమయానికి అది తెగిపోవడమూ అంతే ముఖ్యం.

వెసికిళ్ల రవాణాను నడిపే ర్యాబ్ ప్రోటీన్ల తోకను మాత్రం లంగరుగా అరువు తెచ్చుకునే ఆలోచన మానుకోండి. వాటి చివర రెండు సిస్టీన్లకు రెండు జెరానిల్‌జెరానిల్‌లు పడతాయి. అయితే ఆ ఎంజైమ్ తోకను చూసి పనిచేయదు. ఆర్ఈపీ అనే తోడు ప్రోటీన్ మొత్తం ర్యాబ్‌ను పట్టుకుని తెచ్చి అందించాలి. తోక ముక్క ఒక్కటే ఇస్తే ఆర్ఈపీ గుర్తుపట్టదు.

జీపీఐ: ముందే కట్టి సిద్ధంగా ఉంచే లంగరు

ఇప్పటిదాకా చెప్పిన మూడింట్లో కణం సిద్ధంగా ఉన్న కొవ్వును ఒకే మెట్టులో ప్రోటీన్‌కి తగిలిస్తుంది. జీపీఐ అలా కాదు. ప్రోటీన్‌తో సంబంధం లేకుండా మొత్తం లంగరును ఈఆర్ పొర మీద ముక్క ముక్కగా కట్టి, పూర్తయ్యాక ఒక్కసారిగా ప్రోటీన్‌కి అందిస్తుంది. దీనికి రెండు డజన్లకు పైగా జన్యువులు కావాలి. నాకు జీవరసాయనంలో బాగా ఇష్టమైన కట్టడాల్లో ఇదొకటి.

పని ఈఆర్ పొర సైటోప్లాజం వైపు మొదలవుతుంది. ఫాస్ఫాటిడిల్‌ఇనోసిటాల్ మీద ఎన్-అసిటైల్‌గ్లూకోజమీన్ పెడతారు. పిగ్-ఏ ఉన్న ఎంజైమ్ సముదాయం ఈ పని చేస్తుంది. తర్వాత పిగ్-ఎల్ అసిటైల్ ముక్కను తీసేస్తుంది. ఇక్కడిదాకా కట్టిన అణువు పొరలో పల్టీ కొట్టి లోపలి గది వైపు తిరుగుతుంది. అక్కడ ఇనోసిటాల్‌కి ఒక కొవ్వు ఆమ్లం తగులుతుంది. వరసగా మూడు మానోజ్ చక్కెరలు చేరతాయి. వాటిని తెచ్చేది డాలికాల్ ఫాస్ఫేట్ మానోజ్. మధ్యమధ్యలో మానోజుల మీద ఇథనోలమీన్ ఫాస్ఫేట్లు పడతాయి. మూడో మానోజ్ మీద పడిన ఇథనోలమీన్‌కే చివరికి ప్రోటీన్ తగులుతుంది.

ఈలోగా ప్రోటీన్ కూడా ఈఆర్ లోపలికి వచ్చి ఉంటుంది. దాని చివర ఒక సంకేతం ఉంటుంది: ఒమేగా అనే స్థానంలో గ్లైసిన్, అలనిన్, సెరిన్, ఆస్పరజిన్ లాంటి చిన్న అమైనో ఆమ్లం, ఆ తర్వాత రెండో స్థానంలో మళ్లీ చిన్నది, కొన్ని నీటిని ఇష్టపడే అక్షరాలు, చివర 15 నుంచి 20 దాకా కొవ్వు స్వభావం ఉన్నవి. ట్రాన్సమిడేజ్ అనే అయిదు ప్రోటీన్ల ఎంజైమ్ ఒమేగా తర్వాతి భాగాన్ని కత్తిరిస్తుంది. కత్తిరించిన చివర ఒక్క క్షణం ఎంజైమ్‌లోని సిస్టీన్‌కి అంటుకుని ఉంటుంది. లంగరు ఇథనోలమీన్ వచ్చి ఆ చోటు తీసుకుంటుంది. ఏటీపీ అక్కర్లేకుండా పాత బంధాన్ని విప్పిన చోటే కొత్త బంధం పడుతుంది.

ఆ తర్వాత సవరణలు ఉన్నాయి. ఇనోసిటాల్ మీది కొవ్వు ఆమ్లాన్ని పీగ్యాప్1 తీసేస్తేనే ప్రోటీన్ ఈఆర్ నుంచి సాఫీగా బయలుదేరుతుంది. గాల్జీలో అసంతృప్త కొవ్వు ఆమ్లం ఒకటి పోయి దాని చోట సంతృప్తమైన స్టియరిక్ ఆమ్లం వస్తుంది. రెండు గొలుసులూ నిటారుగా ఉండడంతో ఆ ప్రోటీన్ పొరలో కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్లు దట్టంగా ఉన్న చోట్ల చేరడానికి ఇష్టపడుతుంది.

ఇంత పొడుగు గొలుసులో ఒక్క మెట్టు పోతే ఏమవుతుందో మనిషి జబ్బుల్లో చూడొచ్చు. పీఎన్‌హెచ్ అనే రక్తవ్యాధిలో ఎముక మజ్జలోని మూలకణంలో పిగ్-ఏ జన్యువు చెడుతుంది. దాని నుంచి పుట్టిన ఎర్రకణాలకు జీపీఐ లంగర్లు ఉండవు. ఆ లంగర్ల మీద నిలబడే సీడీ55, సీడీ59 అనే రక్షక ప్రోటీన్లూ ఉండవు. దాంతో సూక్ష్మజీవులను చంపడానికి రక్తంలో ఉండే శరీరపు సొంత కాంప్లిమెంట్ ప్రోటీన్ల వ్యవస్థే ఆ కణాలను పగలగొడుతుంది. ఇన్ని జన్యువులుండగా దాదాపు ప్రతి రోగిలో పిగ్-ఏ ఒక్కటే ఎందుకు చెడుతుంది? పిగ్-ఏ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఒక కణంలో పనిచేసే కాపీ ఒక్కటే కాబట్టి ఒక్క దెబ్బ చాలు. మిగతా జన్యువుల్లో చాలావాటికి రెండేసి కాపీలున్నాయి, రెండూ ఒకే కణంలో చెడాలి. కాంప్లిమెంట్‌లో సీ5 అనే ప్రోటీన్‌ను ఆపే ఎకులిజుమాబ్ అనే మందు ఈ జబ్బుకి 2007లో వచ్చింది. అది లంగరును తిరిగి ఇవ్వదు, లంగరు లేని కణాలపై దాడిని ఆపుతుంది.

జీపీఐ ఎంత గట్టి వ్యవస్థో ఆఫ్రికా నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా బ్రూసీ అనే ఏకకణ పరాన్నజీవిని చూస్తే తెలుస్తుంది. ఆ ఒక్క కణం ఒంటి మీద దాన్ని కవచంలా కప్పే వీఎస్‌జీ ప్రోటీన్ అణువులు సుమారు కోటి ఉంటాయి, అన్నీ జీపీఐ మీదే నిలబడినవి. జీపీఐ పూర్తి నిర్మాణం 1988లో మొదట తేలింది కూడా ఈ వీఎస్‌జీ నుంచే.

ఎంపికకు వస్తే, ప్రోటీన్ బయటి ముఖం మీద కావాలి, సైటోప్లాజంలోకి తోక ఉండకూడదు, పొరలో చురుగ్గా కదలాలి అనుకుంటే జీపీఐ. అవసరమైనప్పుడు పీఐ-పీఎల్‌సీ అనే ఎంజైమ్ వేసి కణం నుంచి ప్రోటీన్‌ను శుభ్రంగా కోసి తీసుకోవచ్చన్నది అదనపు లాభం. ట్యాగ్ విషయంలో మాత్రం ఇది అన్నిటికన్నా కఠినం. మొదట్లో ఈఆర్‌కి పంపే సిగ్నల్ పెప్టైడ్ ఉంటుంది, అది తెగిపోతుంది. చివర జీపీఐ సంకేతం, అదీ తెగిపోతుంది. ట్యాగ్‌ను సిగ్నల్ పెప్టైడ్ తర్వాత, ఒమేగాకు ముందు, ఈ రెండు కోతల మధ్యలో పెట్టాలి. బయట పెట్టిన ట్యాగ్ కోతతో పాటే పోతుంది, లేదా సంకేతాన్నే పాడుచేస్తుంది.

ప్రోటీన్ అసలు బయటి ముఖం మీద కదలకుండా ఉంటే చాలు, కొవ్వు లంగరే కావాలన్న పట్టింపు లేదు అనుకుంటే, పొరను దాటే మామూలు హెలిక్స్ పెట్టుకోండి. జీపీఐ కన్నా తలనొప్పులు తక్కువ. లంగరు గుణమే మీ ప్రశ్న అయినప్పుడే జీపీఐ మీద శ్రమ పెట్టడం న్యాయం.

హెడ్జ్‌హాగ్ ప్రోటీన్‌కి కొలెస్ట్రాల్, వింట్‌కి పాల్మిటోలియిక్ ఆమ్లం, ఆటోఫజీలో ఎల్‌సీ3కి ఫాస్ఫాటిడిల్‌ఇథనోలమీన్ తగులుతాయి. ఇవి ఆయా ప్రోటీన్ల సొంత యంత్రాంగాలు. లంగరుగా అరువు తెచ్చుకునేవి కావు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఎక్కడ పెంచుతున్నారు, ఏం చూస్తున్నారు

బ్యాక్టీరియాలో ప్రోటీన్ తయారుచేస్తుంటే ఈ లంగర్లు వాటంతట అవి పడవు. ఈ-కోలైలో ఎన్‌ఎంటీ లేదు, ప్రెనిల్ ఎంజైములు లేవు, జీపీఐ అసలే లేదు. మిరిస్టేట్ ఒక్కదానికి మంచి ఉపాయం ఉంది: ఈస్ట్ ఎన్‌ఎంటీ జన్యువును కూడా అదే బ్యాక్టీరియాలో పెట్టి, మాధ్యమంలో మిరిస్టిక్ ఆమ్లం కలపడం. బ్యాక్టీరియాలో చేయక తప్పదంటే నా ఓటు మిరిస్టేట్‌కే. జీపీఐ కావాలంటే ఈస్ట్, కీటక కణాలు, క్షీరద కణాల్లో ఏదో ఒకటి తప్పదు.

పొరలో ఏ చోట గుమికూడుతుందన్నది మీ ప్రశ్న అయితే లంగరు ఎంపికే ప్రయోగం అవుతుంది. మిరిస్టేట్, పాల్మిటేట్ కలిసిన లంగరు సంతృప్త గొలుసులతో దట్టమైన చోట్లకు వెళ్తుంది. కొమ్మలున్న ప్రెనిల్ గొలుసు అక్కడ ఇమడదు. 2002లో దీన్ని బతికున్న కణాల్లో మెరిసే ప్రోటీన్లతో చూపించారు. అదే పనిలో ఇంకో సంగతి బయటపడింది. మామూలు జీఎఫ్‌పీ రెండేసిగా జతకడుతుంది, ఆ జతకట్టడమే గుమికూడినట్టు భ్రమ కలిగిస్తుంది. 206వ స్థానంలోని అలనిన్‌ను లైసిన్‌గా మార్చిన జీఎఫ్‌పీతో ఆ భ్రమ పోతుంది. ఏ లంగరు తీసుకున్నా, కూడా ఈ మార్పు ఉన్న జీఎఫ్‌పీనే తీసుకోండి.

లంగరు నిజంగా పడిందో లేదో చూసే నియంత్రణను ప్రైమర్లు ఆర్డర్ చేసే రోజే డిజైన్ చేయండి. మిరిస్టేట్‌కి రెండో స్థానపు గ్లైసిన్‌ను అలనిన్‌గా, పాల్మిటేట్‌కీ ప్రెనిల్‌కీ ఆ సిస్టీన్‌ను సెరిన్‌గా మార్చిన జంట కన్‌స్ట్రక్ట్ ఒకటి పక్కన ఉండాలి. పాల్మిటేట్ అనుకున్నది నిజంగా థయోఎస్టరేనా అని హైడ్రాక్సిలమీన్ చెబుతుంది. తటస్థ పీహెచ్ దగ్గర అది థయోఎస్టర్‌ను కోస్తుంది, మిరిస్టేట్ అమైడ్‌ను ముట్టుకోదు. జీపీఐకి పీఐ-పీఎల్‌సీ పరీక్ష ఉండనే ఉంది. కాకపోతే పీఐ-పీఎల్‌సీ వేసినా ప్రోటీన్ ఊడి రాలేదంటే జీపీఐ లేదని వెంటనే రాసుకోవద్దు. మనిషి ఎర్రకణాల మీది అసిటైల్‌కోలినెస్టరేజ్ నిఖార్సైన జీపీఐ ప్రోటీన్. అయినా దాని ఇనోసిటాల్ మీది పాల్మిటేట్ తొలగిపోకుండా ఉండడం వల్ల ఆ ఎంజైమ్‌కి కోత పెట్టడం వీలుకాదు. అలాంటప్పుడు జీపీఐ చక్కెర భాగాన్నే నేరుగా పట్టుకునే ఏరోలైసిన్ అనే బ్యాక్టీరియా విషప్రోటీన్ ఆధారిత పరీక్షకు వెళ్లండి.